సూర్యుడి ఫోటో తీస్తే కెమెరా పాడవుతుందా?

సూర్యుణ్ణి ఫ్రేమ్‌లో పెట్టి ఫోటో తీస్తే సెన్సర్, అంటే కెమెరాలో వెలుగుని పట్టుకుని ఫోటోగా మార్చే చిప్, కాలిపోతుందా? కెమెరా కొన్న కొత్తలో దాదాపు అందరికీ వచ్చే అనుమానం ఇది. అడిగి చూడండి, రెండు రకాల జవాబులు వస్తాయి. ఏళ్ల తరబడి విశాఖ బీచ్‌లో సూర్యోదయాలు తీస్తున్నాను, ఒక్క మచ్చ కూడా పడలేదని ఒకరంటారు. గ్రహణం రోజు ఒక్క పూటలో సెన్సర్ పోయింది, బాగు చేయించడం కన్నా కొత్త బాడీ (లెన్స్ లేని కెమెరా) కొనుక్కోవడమే నయమన్నారని ఇంకొకరంటారు. వినేవాళ్లకు ఎవరిని నమ్మాలో తెలీదు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తీసింది ఒకే సూర్యుణ్ణి. కానీ ఆ వెలుగు కెమెరాలోకి ఎంత వచ్చింది, ఎంతసేపు నిలబడింది, లోపల దేని మీద పడింది అన్నవి ఇద్దరికీ వేరు. అందుకే 'సూర్యుణ్ణి తీయొచ్చా, తీయకూడదా' అని అడిగినంతకాలం సరైన జవాబు దొరకదు. ఏ లెన్స్‌తో, ఎంతసేపు, ఏ కెమెరాతో అని అడిగితేనే దొరుకుతుంది.

తెల్లబడటం వేరు, కాలడం వేరు

ముందు ఒక అపోహ తీసేద్దాం. సూర్యుణ్ణి తీసినప్పుడు ఫోటోలో ఆ చోటంతా తెల్లగా వచ్చేస్తుంది. అది చూసి సెన్సర్‌కి ఏదో అయిందని కంగారుపడేవాళ్లున్నారు. అది దెబ్బ కాదు. సెన్సర్ మీద ఉండే కోట్ల పిక్సెల్స్‌లో ప్రతిదీ తన మీద పడిన కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి కాసేపు దాచుకుంటుంది. దాచుకునే చోటు నిండిపోతే ఇక లెక్క ఆగుతుంది, ఫోటోలో అక్కడ తెలుపు మిగులుతుంది. తర్వాతి ఫోటోకి ముందు ఆ పిక్సెల్ మళ్లీ ఖాళీ అవుతుంది. పాత సీసీడీ సెన్సర్ కెమెరాల్లో సూర్యుడి మీదుగా పైనుంచి కిందికి ఒక తెల్ల చార కూడా పడేది. నిండిపోయిన చార్జి పక్క పిక్సెల్స్‌లోకి, ఆ వరుసలోకి పొర్లడం వల్ల వచ్చేది. చూడటానికి భయంగా ఉన్నా, కెమెరా పక్కకు తిప్పగానే పోయేది.

అసలు దెబ్బ వేడితో వస్తుంది. సెన్సర్‌లో సిలికాన్ చాలా గట్టిది, అది కరగాలంటే 1414 డిగ్రీల సెల్సియస్ కావాలి. కానీ మన ఫోటోలకు రంగు ఇచ్చేది సిలికాన్ కాదు. దాని మీద ప్రతి పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఒకటి, ఆ పైన కాంతిని పోగుచేసే బుల్లి లెన్స్ ఒకటి ఉంటాయి. మామూలుగా ఇవి రంగు కలిపిన ప్లాస్టిక్ లాంటి పదార్థాలతో చేసినవి. సిలికాన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండని వేడికి ఇవి మాడిపోతాయి, రంగు పోగొట్టుకుంటాయి. ఒకసారి అలా అయితే ఆ చోట ప్రతి ఫోటోలోనూ ఊదాగానో పచ్చగానో ఒక మచ్చ, కెమెరా కదుపుతుండగా కాలితే ఒక గీత. తుడిస్తే పోదు. సెన్సర్ మార్చాల్సిందే.

భూతద్దం లెక్క

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం నేల మీద ఒక చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. సెన్సర్‌ని లెన్స్ లేకుండా ఎండలో పెట్టినా ఆ ఎండ దాన్నేమీ చేయదు. సమస్యంతా లెన్స్‌తో మొదలవుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతివాళ్లకూ ఈ సంగతి చేత్తో తెలుసు. కెమెరా లెన్స్ కూడా ఆ పనే చేస్తుంది, ఇంకా శుభ్రంగా చేస్తుంది.

సెన్సర్ మీద సూర్యబింబం సైజు చెప్పడం తేలిక. ఆకాశంలో సూర్యుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. అందువల్ల లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) 109తో భాగిస్తే సెన్సర్ మీద పడే బింబం వ్యాసం వచ్చేస్తుంది. 24 ఎంఎం లెన్స్‌తో 0.22 మిల్లీమీటర్లు. 50 ఎంఎంతో అర మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ. దూరంవాటిని దగ్గరగా చూపే 400 ఎంఎం టెలిఫోటో లెన్స్‌తో 3.7 మిల్లీమీటర్లు, అంటే శనగ గింజలో సగమంత.

ఇప్పుడు ఆ చుక్కలోకి ఎంత శక్తి చేరుతుందో చూద్దాం. లెన్స్ ముందు గాజు ఎంత పెద్దదైతే అంత ఎండను అది పోగుచేస్తుంది. 400 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/4 దగ్గర పూర్తిగా తెరిచి పెడితే, కాంతి లోపలికి వచ్చే ద్వారం (అపర్చర్) వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌లో ఆ ద్వారం ఎన్నో వంతో చెప్పే అంకె. మధ్యాహ్నం ఎండలో దాని గుండా దాదాపు 8 వాట్లు లోపలికి వస్తాయి. అంతా వెళ్లి 3.7 మిల్లీమీటర్ల బింబంలో కూర్చుంటుంది. లెన్స్ గాజు మింగేది, సెన్సర్ ముందున్న ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఆపేది తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు. ఆ నష్టాలు లెక్కలోకి తీసుకోకపోతే, బయటి ఎండతో పోలిస్తే అక్కడి తీవ్రత 700 రెట్లకు పైమాటే.

అదే రోజు, అదే గంటలో, 24 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/16కి కుదించి సూర్యుణ్ణి నక్షత్రంలా కిరణాలతో తీసే ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ సంగతి చూడండి. ఆయన లెన్స్ ద్వారం వ్యాసం ఒకటిన్నర మిల్లీమీటరు. దాని గుండా వచ్చేది 2 మిల్లీవాట్లకు లోపే. 8 వాట్లకీ దీనికీ నాలుగు వేల రెట్ల పైన తేడా. ఆయన కెమెరాకి ఎప్పుడూ ఏమీ కాకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక్కడొక చిక్కు ఉంది, దీన్ని చాలామంది తప్పుగా చెబుతుంటారు. చదరపు మిల్లీమీటరుకు పడే తీవ్రత ఒక్కటే చూస్తే అది ఎఫ్ నంబర్‌ని బట్టి మాత్రమే మారుతుంది, ఫోకల్ లెంగ్త్‌తో సంబంధం లేదు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని పూర్తిగా తెరిస్తే, దాని బింబంలో తీవ్రత 400 ఎంఎం ఎఫ్/4 కన్నా ఎక్కువ, సుమారు అయిదు రెట్లు. మరి టెలిఫోటోకే ఎందుకు భయపడాలి? ఎందుకంటే చిన్న చుక్కలో పడిన వేడి చుట్టూ ఉన్న చల్లటి సిలికాన్‌లోకి చకచకా పాకిపోతుంది, పైగా అక్కడ పడేది మొత్తం 0.6 వాట్లే. పెద్ద బింబం మధ్యలో ఉన్న పిక్సెల్‌కి చుట్టూ అన్నీ వేడెక్కినవే, వేడి తప్పించుకునే దారి దూరం. అందుకే పెద్ద గాజు, పొడుగు లెన్స్, తెరిచిన అపర్చర్ ఈ మూడూ కలిసినప్పుడు ముప్పు బాగా పెరుగుతుంది. అలాగని ఎఫ్/1.4 లెన్స్‌తో మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి ఫ్రేమ్ మధ్యలో పెట్టి నిమిషాల తరబడి వీడియో తీయడం క్షేమమని అర్థం కాదు. ప్రీ వెడ్డింగ్ షూట్‌లలో 85 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్‌లు వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ లెన్స్ ద్వారం వ్యాసం 60 మిల్లీమీటర్లు దాటుతుంది, నిండు ఎండలో దాదాపు మూడు వాట్లు లోపలికి తెస్తుంది.

ఈ లెక్కలు కళ్లతో చూడాలంటే అపర్చర్ రింగ్ ఉన్న పాత మాన్యువల్ 200 ఎంఎం లెన్స్ ఒకటి చాలు. ఆరుబయట, ఎండిన గడ్డీ ఆకులూ లేని చోట, లెన్స్ ముందు భాగాన్ని ఎండకు పెట్టి వెనక కాస్త దూరంలో ఒక నల్ల కాగితం పట్టుకోండి. లెన్స్‌లోంచి చూడకూడదు, కాగితాన్నే చూడాలి, దాన్ని కూడా ఒకటి రెండు క్షణాలకు మించి తేరిపార చూడొద్దు. కాగితం ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒక చోట వెలుగంతా రెండు మిల్లీమీటర్లకు తగ్గిన గుండ్రటి బిళ్లలా చేరుతుంది. ఎఫ్/4 దగ్గర ఆ బిళ్ల చోటునుంచి సన్నగా పొగ లేస్తుంది. ఇప్పుడు రింగ్ ఎఫ్/16కి తిప్పి, కాగితం మీద కొత్త చోట వెలుగు పడనివ్వండి. బిళ్ల సైజు మారదు, వెలుగు మాత్రం పదహారో వంతుకు పడిపోతుంది. పొగ ఉండదు. అదే కాగితాన్ని సూర్యుడు అస్తమిస్తూ ఎర్రబడ్డాక ఎఫ్/4 దగ్గరే పెట్టి చూడండి, ఒక నారింజ రంగు చుక్క కనిపిస్తుంది, అంతే. కెమెరా లోపల సెన్సర్ ఆ కాగితం ఉన్న చోటే ఉంటుంది.

వెలుగు లోపల ఎక్కడ ఆగుతుంది

కెమెరా రకాన్ని బట్టి దెబ్బ తగిలే చోటు మారుతుంది. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాలో మనం ఫ్రేమ్ చూసుకుంటున్నంతసేపూ అద్దం కిందికి దిగి ఉంటుంది, దాని వెనక షట్టర్ (సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే పరదా) మూసి ఉంటుంది. సెన్సర్‌కి వెలుగు తగిలేది క్లిక్ కొట్టిన ఆ కొద్ది క్షణమే. సెకనులో 8000వ వంతు షట్టర్ స్పీడ్ పెడితే సెన్సర్‌కి నిజంగానే అంతే సమయం వెలుగు తగులుతుంది. కాబట్టి డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ చాలావరకు భద్రం. కానీ ఆ వెలుగు ఎక్కడికి పోతోంది? అద్దం మీద పడి పైకి తిరిగి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి నేరుగా మన కంట్లోకి. టెలిఫోటో పెట్టిన డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడటం ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. రెటీనాకి నొప్పి తెలీదు, కాలుతున్నప్పుడు ఏమీ అనిపించదు. సెన్సర్ పోతే డబ్బుతో పోతుంది. కన్ను అలా కాదు.

ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో కథ తిరగబడుతుంది. స్క్రీన్‌లో, వ్యూఫైండర్‌లో మనకు కనిపించేది సెన్సర్ పంపుతున్న బొమ్మే కాబట్టి కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. కంటికి ముప్పు లేదు, సెన్సర్‌కే ఉంది. ఇక్కడ షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా లాభం లేదు, ఎందుకంటే ఫోటో కోసం లెక్కపెట్టే సమయం 8000వ వంతు అయినా, సెన్సర్ మీద వెలుగు పడే సమయం మీరు ఫ్రేమ్ సరిచూసుకుంటున్న అర నిమిషం మొత్తం. ఫోటో నల్లగా వచ్చింది కదా, వెలుగు తక్కువే పడిందని అనుకోవడం దీని వల్లే పొరపాటు. డీఎస్ఎల్ఆర్‌లో లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూసి తీసే పద్ధతి) ఆన్ చేసినా ఇదే పరిస్థితి. పైగా చాలా కెమెరాలు ఫోకస్ తేలికవ్వాలని, మీరు ఎఫ్/16 పెట్టినా క్లిక్ దాకా అపర్చర్‌ని పూర్తిగా తెరిచే ఉంచుతాయి. కాబట్టి ఎఫ్ నంబర్ పెంచాం కదా అన్న ధీమా కూడా అన్నివేళలా పనికిరాదు.

కెమెరా ఆఫ్ చేస్తే సరిపోతుందా? కొన్ని మోడల్స్ ఆఫ్ చేయగానే షట్టర్ మూస్తాయి, కొన్ని మూయవు. మూసినా, ఇప్పుడు ఆ బింబం పలచటి షట్టర్ పరదాల మీద పడుతుంది. అవి కూడా వంకరపోతాయి, చిల్లులు పడతాయి. ఫిల్మ్ రోజుల్లో లైకా రేంజ్‌ఫైండర్ కెమెరాలు వాడినవాళ్లకు ఇది బాగా తెలుసు. వాటిలో అద్దం ఉండదు, షట్టర్ పరదా గుడ్డది. క్యాప్ పెట్టకుండా ఎండలో వదిలేస్తే గుడ్డకు సూదిమొనంత చిల్లు పడి, ప్రతి ఫ్రేమ్‌లోనూ వెలుగు కారేది. లెన్స్ క్యాప్‌ని మించిన రక్షణ ఇప్పటికీ రాలేదు. కెమెరాలతో వచ్చే మాన్యువల్స్‌లో సూర్యుణ్ణి ఫ్రేమ్ నుంచి బాగా పక్కకు ఉంచమని, లోపల పోగైన ఎండ వల్ల మంటలు కూడా రావచ్చని రాసి ఉంటుంది. ఫ్రేమ్ అంచు దాటి ఒక్క పిసరు పక్కనున్న సూర్యుడి బింబం సెన్సర్ మీద పడకపోయినా, దాని పక్కనున్న ప్లాస్టిక్ గోడ మీద పడుతుంది. ఆ హెచ్చరిక ఉన్నది అందుకే.

ఇదంతా ఒక్కచోట కనిపించిన సందర్భం 2017 ఆగస్టు 21 నాటి అమెరికా సంపూర్ణ సూర్యగ్రహణం. లెన్స్‌రెంటల్స్ అనే అద్దె సంస్థ ఫిల్టర్ లేకుండా తీయొద్దని ముందే చెప్పి మరీ కెమెరాలు ఇచ్చింది. గ్రహణం అయిపోయాక తిరిగొచ్చిన వాటిలో పాడైనవాటి ఫోటోలు పెట్టింది. సెన్సర్లు కాలినవి ఉన్నాయి, షట్టర్లు కాలినవి ఉన్నాయి, లెన్స్ ద్వారాన్ని కుదించే అపర్చర్ రెక్కలు కాలినవీ ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా పాఠం అనిపించింది ఒక 600 ఎంఎం లెన్స్. దానికి వెనకవైపు చిన్న ఫిల్టర్ దూర్చే అర ఉంటుంది. ఎవరో జాగ్రత్తగా సోలార్ ఫిల్టర్ తెచ్చి ఆ అరలో పెట్టారు. ఫిల్టర్ తన పని చేసింది, కెమెరా బతికింది. కానీ ఫిల్టర్‌కి ముందున్న అపర్చర్ రెక్కల మీద ఎండంతా పోగై అవి మాడిపోయాయి. లెన్స్ మధ్యలోంచి చూస్తే సన్నటి నల్ల రెక్కలు చీలి, ముడుచుకుపోయి ఉన్నాయి. ఫిల్టర్ వాడాలన్న సగం మాటే వాళ్లకు అంది, అది ఎక్కడ పెట్టాలన్న మిగతా సగం అందలేదు.

గుంటూరు నుంచి చంద్రుడి దాకా

సూర్యుడి వల్ల కెమెరా పాడవుతుందన్న భయం ఎప్పటి నుంచి ఉంది? గాజు పలకల కాలంలో ఇంత బెంగ పడాల్సిన పని లేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చి అక్కడే సూర్యుడి అంచున లేచే జ్వాలలను పరిశీలించాడు. బ్రిటిష్ ఇండియా తరఫున మేజర్ టెన్నంట్ బృందం అక్కడే టెలిస్కోప్‌తో గ్రహణం ఫోటోలు తీసింది. తీసిన ప్రతి ఫోటోకూ కొత్త గాజు పలక. ఒకటి చెడితే దాన్ని పక్కన పడేస్తారు. ఫిల్మ్‌లోనూ అంతే, రీలు తిప్పగానే కొత్త ఫ్రేమ్ వస్తుంది. డిజిటల్ కెమెరాలో మొదటి ఫోటో తీసిన సెన్సరే లక్షో ఫోటో కూడా తీయాలి. ఒక్కసారి తగిలిన దెబ్బ జీవితాంతం మోయాల్సిందే.

ఈ సంగతిని ప్రపంచమంతా టీవీలో చూసిన రోజు ఒకటి ఉంది. 1969 నవంబరు 19న అపోలో 12 వ్యోమగాములు చంద్రుడి మీద దిగారు. రంగుల టీవీ కెమెరాని స్టాండ్ మీదికి మార్చే ప్రయత్నంలో ఆలన్ బీన్ పొరపాటున దాన్ని సూర్యుడి వైపు తిప్పాడు. లోపలి ట్యూబ్ కాలిపోయి బొమ్మ పోయింది. ఆ తర్వాత నడక మొత్తం భూమ్మీద జనం మాటలు విన్నారే తప్ప చూడలేకపోయారు. అది సెన్సర్ కాదు, పాతకాలపు ట్యూబ్ కెమెరా. బలమైన వెలుగు పడితే ఆ ట్యూబుల్లో మచ్చ ఉండిపోయేది. టీవీ స్టూడియోల్లో, పెళ్లి వీడియోల్లో ట్యూబ్ కెమెరాలు నడిచినంతకాలం 'లైటు వైపు తిప్పొద్దు' అన్న మాట గట్టిగా పాతుకుపోయింది. ఈనాటి కెమెరాల్లో ఉండే సీమాస్ రకం సెన్సర్ అంత సుకుమారం కాదు. భయం మాత్రం పాత కొలతలోనే మిగిలిపోయింది, దాంతో మామూలు సూర్యాస్తమయానికి కూడా టెన్షన్ పడేవాళ్లున్నారు.

ఎంతసేపు, ఏ వేళ

వేడి పోగవ్వడానికి సమయం కావాలి. చేతిలో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లకు తెలియకుండానే ఒక రక్షణ ఉంటుంది, చెయ్యి కదులుతుంటుంది, బింబం ఒకేచోట నిలవదు. ట్రైపాడ్ మీద ఆ రక్షణ పోతుంది. అయినా ఆకాశంలో సూర్యుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరుగుతాడు, కాబట్టి వరసగా ఫోటోలు తీసుకుంటూ పోయే టైమ్‌లాప్స్‌లో బింబం మెల్లగానైనా జరుగుతూనే ఉంటుంది. సూర్యుణ్ణి వెంబడించే ట్రాకింగ్ మౌంట్ మీద పెట్టారంటే అదీ లేదు. గంటసేపైనా ఒకే పిక్సెల్స్ మీద వెలుగు. ఫిల్టర్ లేకుండా ట్రాకర్ వాడటం అన్నది అసలు ఆలోచనకే రాకూడదు.

వేళ సంగతికొస్తే, అంచున ఉన్న సూర్యుడికీ నెత్తిన ఉన్న సూర్యుడికీ పోలికే లేదు. దిగంతం దగ్గర ఆ వెలుగు మన దాకా రావాలంటే నడినెత్తిన ఉన్నప్పటి కన్నా దాదాపు 38 రెట్లు గాలిని దాటి రావాలి. అందులో దుమ్ము, తేమ, పొగ. ఎర్రగా, కళ్లకు పెద్దగా గుచ్చుకోకుండా కనిపిస్తున్న సూర్యుడు సెన్సర్‌ని కూడా పెద్దగా ఏమీ చేయడు. సూర్యుడు దిగంతం దగ్గరున్న గోల్డెన్ అవర్‌లో జంట వెనక సూర్యుణ్ణి పెట్టి తీసే ఫోటోలు ఇన్ని లక్షలు వస్తున్నా కెమెరాలు బతికి ఉన్నాయంటే కారణం ఇదే. అయితే ఈ ధీమాని 600 ఎంఎం దాకా లాగకూడదు. కొబ్బరి చెట్ల వెనక పెద్ద సూర్యబింబం కావాలని టెలిఫోటో పెట్టేవాళ్లు, సూర్యుడు బాగా కిందికి దిగి ఎర్రబడేదాకా క్యాప్ తీయకుండా ఆగడం మంచిది. ఉదయం అయితే దీనికి తిరగేసి చూసుకోవాలి, ప్రతి నిమిషానికీ వెలుగు పెరుగుతుంటుంది. మొదలుపెట్టినప్పుడు క్షేమంగా ఉన్నది ఇరవై నిమిషాలకు ఉండకపోవచ్చు.

చంద్రుడి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నిండు పున్నమి చంద్రుడు కూడా సూర్యుడి కన్నా దాదాపు నాలుగు లక్షల రెట్లు మసక. ఎంత పెద్ద లెన్స్ పెట్టినా భయం లేదు.

ఫిల్టర్ అంటే ఏ ఫిల్టర్

సూర్యుడు ఎత్తున ఉండగా టెలిఫోటోతో తీయాలంటే, పాక్షిక గ్రహణం తీయాలంటే సోలార్ ఫిల్టర్ తప్పనిసరి, అదీ లెన్స్ ముందే. మంచి సోలార్ ఫిల్మ్ వెలుగుని లక్షో వంతుకు తగ్గిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌నీ అతినీలలోహితాన్నీ కూడా ఆపుతుంది. జలపాతాలు నురగలా తీయడానికి వాడే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని పదిసార్లు సగానికి తగ్గించే నల్ల గాజు) వెలుగుని వెయ్యో వంతుకే తగ్గిస్తుంది. రెండు మూడు కలిపి బిగించి లక్షకు చేర్చానంటారు కొందరు. కంటికి కనిపించే వెలుగు తగ్గుతుంది, నిజమే. కానీ మామూలు ఎన్‌డీ గాజులు చాలావాటిలో ఇన్‌ఫ్రారెడ్ దర్జాగా దూరిపోతుంది, వేడిలో సగానికి దగ్గర వాటా దానిదే. ఫోటో నల్లగా వస్తోంది కదా అనుకుంటుండగా లోపల వేడెక్కుతుంటుంది.

మన దగ్గర గ్రహణం అనగానే ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు బయటికొస్తాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం హైదరాబాద్ దగ్గర్లోని ఉస్మానియా యూనివర్సిటీ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా వెళ్లింది. అప్పటి నుంచీ ఎన్ని గ్రహణాలు వచ్చినా ఈ అలవాటు పోవడం లేదు. ఎక్స్‌రే ఫిల్మ్, కడిగిన ఫోటో ఫిల్మ్, సీడీలు, నల్ల కళ్లజోళ్లు కంటికీ పనికిరావు, కెమెరాకీ పనికిరావు. కంటికి పెట్టుకునే గ్రహణం అద్దాల మీద ఐఎస్ఓ 12312-2 అని ఉంటే అవి ఉత్త కంటితో చూడటానికి. వాటిని పెట్టుకుని ఫిల్టర్ లేని లెన్స్‌లోంచో బైనాక్యులర్స్‌లోంచో చూస్తే పోగైన వేడికి ఆ ఫిల్మే కాలి చిల్లు పడుతుంది. ఇంకొక జాగ్రత్త. సోలార్ ఫిల్మ్‌లో ఫోటోలకు మాత్రమే అని ఒక రకం వస్తుంది, దాని డెన్సిటీ (వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 3.8. వెలుగుని ఆరువేలో వంతు దాకే తగ్గిస్తుంది. దాన్ని పెట్టి ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి చూడకూడదు. చూడాలంటే డెన్సిటీ 5 ఉన్నదే తీసుకోవాలి.

వడపోత ముందే జరగాలన్న సూత్రాన్ని అంతరిక్షంలో కూడా మార్చలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో సూట్ అనే టెలిస్కోప్ ఉంది, దాని పనే సూర్యుణ్ణి అతినీలలోహిత కాంతిలో ఫోటోలు తీయడం. రోజంతా సూర్యుడి వైపే చూసే ఆ పరికరం మూతి దగ్గరే వేడిని వెనక్కి కొట్టే ఫిల్టర్ ఉంటుంది. అక్కర్లేని వెలుగు లోపలికి వచ్చాక ఏం చేయాలా అని వాళ్లు ఆలోచించలేదు, రానివ్వలేదు.

సంపూర్ణ గ్రహణంలో మాత్రం ఫిల్టర్ తీయాల్సిన కొద్ది నిమిషాలుంటాయి. సూర్యుడు పూర్తిగా మూసుకున్నాక మిగిలే కరోనా (సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వాయువుల వలయం) వెలుగు మొత్తం కలిపినా పున్నమి చంద్రుడి పాటిదే. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో మనవాళ్లు ఎంతోమంది ఇళ్ల ముందే నిలబడి ఆ దృశ్యం చూశారు. ఆ నాలుగు నిమిషాల్లో కళ్లు చెమర్చి, చేతులు వణికి, ఫిల్టర్ మళ్లీ పెట్టడం మర్చిపోవడం చాలా తేలిక. కెమెరాలు కాలే ప్రమాదం అక్కడ బాగా ఉంటుంది. వచ్చే ఏళ్లలో గ్రహణం కోసం ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు నా సలహా ఒకటే, ఫిల్టర్ తీయడానికి కాదు, తిరిగి పెట్టడానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఫోన్లు, ఇంకా మనం పట్టించుకోనివి

ఫోన్ మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లు, ద్వారం నాలుగు మిల్లీమీటర్ల లోపు. నిండు ఎండలో కూడా దాని గుండా వచ్చేది పది, పన్నెండు మిల్లీవాట్లు. రోజూ ఎండలో ఎదురుగా సూర్యుణ్ణి పెట్టుకుని నడిచే కార్ల డ్యాష్‌క్యామ్‌లు పనిచేస్తూనే ఉన్నాయంటే వాటి లెన్స్‌లూ ఇంత చిన్నవే. కాబట్టి ఫోన్‌తో సూర్యుడున్న ఫోటో తీయడానికి జంకనక్కర్లేదు. 2024 గ్రహణం ముందు ఇదే ప్రశ్న అడిగితే నాసా మాత్రం ఫోన్ సెన్సర్ కూడా దెబ్బతినొచ్చని, ముఖ్యంగా ఫోన్‌కి అదనపు జూమ్ లెన్స్ తగిలిస్తే ముప్పు ఎక్కువని జాగ్రత్త చెప్పింది. ఫోన్‌ని టెలిస్కోప్‌కో బైనాక్యులర్స్‌కో ఆనించినప్పుడు లోపలికి వెలుగు తెచ్చేది ఫోన్ లెన్స్ కాదు, ఆ పెద్ద గాజు. అక్కడ ఫిల్టర్ లేకుండా కుదరదు.

ముందు నుంచే కాదు, వెనక నుంచి కూడా సూర్యుడు కెమెరాని కాల్చగలడు. ఇది చాలా తక్కువమంది చెబుతారు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఒక బుల్లి స్క్రీన్, దాని ముందు మన కంటి కోసం ఒక భూతద్దం ఉంటాయి. షూటింగ్ మధ్యలో కెమెరాని బెంచీ మీద వ్యూఫైండర్ సూర్యుడి వైపు ఉండేలా పెట్టేసి టీ తాగడానికి వెళ్తే, ఆ భూతద్దం ఎండని లోపలి స్క్రీన్ మీదికి పోగుచేస్తుంది. తిరిగొచ్చి చూస్తే వ్యూఫైండర్‌లో పసుపు మచ్చలు. ఫోటోలు బాగానే వస్తాయి, చూసేటప్పుడు మాత్రం ఆ మచ్చ ఎప్పటికీ ఉంటుంది. ఎండలో పనిచేసేవాళ్లకు సెన్సర్ కన్నా ఇదే పెద్ద ముప్పని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికి టెలిఫోటో అక్కర్లేదు, మరుపు చాలు. సంచిలోంచి తీసిన లెన్స్‌ని క్యాప్ లేకుండా కారు సీటు మీద వదలడం కూడా ఇలాంటిదే.

సెన్సర్‌కి సూర్యుడి కన్నా వేగంగా దెబ్బ కొట్టేది లేజర్. డీజే రాత్రుల్లో, బరాత్‌లలో తిరిగే లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లోకి పడితే కంటి రెప్పపాటులో ఒక గీత మిగుల్చుతుంది. 2019లో లాస్ వేగాస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఒక కారు మీద పెట్టిన లైడార్‌ని (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరం) ఫోటో తీసిన సందర్శకుడి మిర్రర్‌లెస్ కెమెరా సెన్సర్ మీద ఊదారంగు మచ్చలు, గీతలు పడ్డాయి. పెళ్లి ఫోటోగ్రాఫర్లు సూర్యాస్తమయానికి పడే భయంలో కొంత స్టేజీ లేజర్ల మీదికి మళ్లించాలి.

ఇక సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు ఈ దెబ్బని పట్టుకునే పద్ధతి చెబుతాను. తెల్ల గోడనో, మబ్బు పట్టిన ఆకాశాన్నో ఫోకస్ తప్పించి రెండు ఫోటోలు తీయండి, ఒకటి ఎఫ్/16లో, రెండోది లెన్స్ పూర్తిగా తెరిచి. సెన్సర్ ముందున్న గాజు మీద దుమ్ము ఉంటే ఎఫ్/16లో బూడిదరంగు చుక్కలా కనిపించి, తెరిచిన లెన్స్‌తో దాదాపు మాయమైపోతుంది. కాలిన మచ్చ అలా పోదు. రెండింటిలోనూ అదే చోట, అదే ఆకారంలో, ఎక్కువసార్లు ఏదో ఒక రంగు జీరతో ఉంటుంది. స్క్రీన్ మీద చూస్తే సరిపోదు, ఫోటోని కంప్యూటర్‌లో వంద శాతం పెద్దది చేసి మూల మూలా చూడాలి. తర్వాత లెన్స్ తీసి షట్టర్ పరదాలు వంకరపోయాయేమో చూడండి, ఆ లెన్స్‌ని వెలుగుకి పెట్టి అపర్చర్ రెక్కలు సమంగా మూసుకుంటున్నాయో లేదో చూడండి. చివరగా వ్యూఫైండర్‌లో పూర్తి తెల్లటి దృశ్యం పెట్టి పసుపు మచ్చల కోసం వెతకండి. అమ్మేవాళ్లు ఈ అయిదు నిమిషాలు ఇవ్వనంటే ఆ కెమెరా వద్దు.